మెష్ నెట్‌వర్క్‌లో రూటింగ్‌ని లెక్క కట్టి సెట్ చేయడం ఎలా

"నోడ్స్ అన్నీ ఫుల్ సిగ్నల్ చూపిస్తున్నాయి, కానీ చివరి నోడ్ దగ్గర స్పీడ్ రావట్లేదు, రూటింగ్ ఆప్టిమైజ్ చేయడం ఎలా?" అని అడిగేవాళ్లు రోజూ కనీసం ఒకరైనా ఉంటున్నారు. మెష్ అంటే రూటర్లు (నోడ్స్) వైఫై మీదే ఒకదాని నుంచి ఒకదానికి డేటా అందించుకునే నెట్‌వర్క్, రూటింగ్ అంటే ఆ డేటా ఏ దారిలో పోవాలో తేల్చడం. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా జవాబు చెప్పే బదులు మొత్తం పద్ధతి ఒకచోట రాసేస్తున్నా. కాలిక్యులేటర్, కొంచెం పైథాన్ వస్తే చాలు, పెద్ద మ్యాథ్స్ ఏం అక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి, మిగతాదంతా దీనిమీదే నడుస్తది. కేబుల్ నెట్‌వర్క్‌లో ఏ కేబుల్ కెపాసిటీ దానిదే. మెష్‌లో అలా కాదు, ఒకే ఛానల్ మీద ఒకదానికొకటి వినపడే లింకులన్నీ ఒకే టైమ్‌ని పంచుకుంటాయి, ఒకటి మాట్లాడుతుంటే మిగతావి ఆగాల్సిందే. కాబట్టి మనం పొదుపు చేయాల్సింది హాప్స్‌ని (నోడ్ నుంచి నోడ్‌కి వేసే గెంతులు) కాదు, ఎయిర్‌టైమ్‌ని (గాలిలో మాట్లాడే టైమ్).

ఏమేం కావాలి

- నోడ్స్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి కమాండ్లు ఇచ్చే లాగిన్) వెళ్లగలగాలి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లాంటి రూటర్ సాఫ్ట్‌వేర్ ఉంటే హాయి. డబ్బాతో వచ్చే రెడీమేడ్ మెష్ కిట్లలో చాలావాటికి రూట్ మార్చే వీలే ఉండదు, అలాంటివి ఉన్నవాళ్లు 1 నుంచి 4 స్టెప్స్ చేసి నోడ్ ఎక్కడ పెట్టాలి, ఏ ఛానల్ వాడాలి అన్నవి తేల్చుకోవచ్చు, అదీ తక్కువ లాభం కాదు.
- ఐపెర్ఫ్3 (స్పీడ్ కొలిచే టూల్), రెండు ల్యాప్‌టాప్‌లు.
- పైథాన్, దాంట్లో పల్ప్ లైబ్రరీ. సీబీసీ సాల్వర్ (లెక్క విప్పి జవాబిచ్చే ప్రోగ్రామ్) మామూలుగా దాంతోపాటే వస్తది. సైపై లైబ్రరీ ఇప్పటికే ఉంటే దాంట్లోని లిన్‌ప్రోగ్ కూడా సరిపోతుంది.
- పెద్ద కాగితం, పెన్సిల్. ఇది మాత్రం స్కిప్ చేయకండి.
- యూజర్లు లేని టైమ్ రెండు మూడు గంటలు.

1. మ్యాప్ గీయండి

నోడ్స్ అన్నీ చుక్కలుగా పెట్టి, ఒకదానికొకటి కనపడే ప్రతి జతకీ గీత గీయండి. ఏ నోడ్‌కి ఎవరు కనపడుతున్నారో ఐడబ్ల్యూ కమాండ్ స్టేషన్ డంప్‌లో తెలుస్తది, బ్యాట్‌మ్యాన్ (ఒక మెష్ రూటింగ్ ప్రోటోకాల్) వాడేవాళ్లు బ్యాట్‌సీటీఎల్ నైబర్స్ లిస్ట్ చూడండి. గేట్‌వేని (ఇంటర్నెట్‌కి కలిపే రూటర్) వేరే గుర్తుతో పెట్టండి. ఈ గైడ్ మొత్తం ఒకే ఉదాహరణతో నడుపుతా: గేట్‌వే ఒకటి, నోడ్స్ మూడు – క, ఖ, గ.

2. ప్రతి లింక్‌నీ నిజంగా కొలవండి

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. స్టేషన్ డంప్‌లో కనపడే బిట్‌రేట్‌ని కెపాసిటీ అనుకుని షీట్‌లో ఎక్కించేస్తారు. అది రేడియో స్పీడ్ మాత్రమే, టీసీపీకి, అంటే మామూలు డౌన్‌లోడ్లకి దక్కేది మామూలుగా దాంట్లో సగం నుంచి మూడింట రెండొంతులు, లింక్ వీక్‌గా ఉంటే ఇంకా తక్కువ. అందుకని ఐపెర్ఫ్3తో లింక్ లింక్‌కీ విడిగా, రెండు దిశల్లోనూ, ఒక్కోటి 30 సెకన్లు, మూడుసార్లు నడపండి. మూడింటిలో తక్కువ వచ్చిందే రాసుకోండి, యావరేజ్ తీయకండి, ఎందుకంటే యావరేజ్‌తో వేసిన ప్లాన్ సగం టైమ్ ఫెయిలవుతుంది.

జాగ్రత్తలు:

- ఐపెర్ఫ్‌ని రూటర్ లోపలే నడిపితే చిన్న రూటర్లలో ప్రాసెసర్ ముందే అలిసిపోయి లింక్ స్లో అన్నట్టు కనపడుతుంది. నోడ్‌కి ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో తగిలించి అక్కణ్నుంచి నడపండి. వీలుకాకపోతే పక్కన టాప్ కమాండ్ ఓపెన్ చేసి ప్రాసెసర్ 100కి కొడుతోందేమో చూస్తూ ఉండండి.
- మెగాబిట్లు, మెగాబైట్లు కలపకండి. 8 రెట్ల తేడా.
- ఒక లింక్ కొలిచేటప్పుడు మిగతా నెట్‌వర్క్ సైలెంట్‌గా ఉండాలి.

ఐపెర్ఫ్ నడిపే వీలు లేనివాళ్లకి ప్రత్యామ్నాయం ఈటీఎక్స్. 2003లో ఎంఐటీ వాళ్లు రూఫ్‌నెట్ అనే తమ మెష్ పనిలో భాగంగా ఇచ్చిన లెక్క ఇది: ఒక ప్యాకెట్ అవతలికి చేరడానికి సగటున ఎన్నిసార్లు పంపాలి. పంపిన ప్యాకెట్లలో వెళ్లే దిశలో 0.9 వంతు, వచ్చే దిశలో 0.8 వంతు చేరుతుంటే ఈటీఎక్స్ = 1 ÷ (0.9 × 0.8) = 1.39. దాన్ని ప్యాకెట్ సైజుతో గుణించి లింక్ స్పీడ్‌తో భాగిస్తే ఈటీటీ, అంటే టైమ్‌లో ఖర్చు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఈటీఎక్స్ ప్రోబ్స్ (టెస్ట్ ప్యాకెట్లు) బ్రాడ్‌కాస్ట్‌గా అతి తక్కువ రేటులో వెళ్తాయి, 2.4 గిగాహెర్ట్జ్‌లో అది 1 మెగాబిట్ దాకా కూడా ఉండొచ్చు. ఆ రేటులో బ్రహ్మాండంగా చేరే లింక్ అసలు డేటా రేటు దగ్గర చతికిలపడొచ్చు. అందుకే నా ఓటు ఎప్పుడూ ఐపెర్ఫ్‌కే.

మన ఉదాహరణలో కొలతలు ఇలా వచ్చాయనుకోండి, మెగాబిట్స్ పర్ సెకండ్‌లో:

- గేట్‌వే–క: 60
- గేట్‌వే–ఖ: 40
- క–గ: 30
- ఖ–గ: 60
- గేట్‌వే–గ డైరెక్ట్: 8

3. ఎవరికి ఎవరు అడ్డమో తేల్చండి

లింకులు రెండు ఒకేసారి మాట్లాడగలవా లేదా అన్నది ఊహించకండి, టెస్ట్ చేయండి. మొదట ఎ లింక్ ఒంటరిగా, తర్వాత బి లింక్ ఒంటరిగా, ఆ తర్వాత రెండూ ఒకేసారి. కలిపి నడిపినప్పటి మొత్తాన్ని విడివిడిగా వచ్చిన మొత్తంతో భాగించండి. విడిగా 40, 30 వచ్చి కలిపితే 21, 14 వచ్చాయంటే 35 ÷ 70 = 0.5, అంటే పూర్తిగా ఒకే గాలి పంచుకుంటున్నాయి. కలిపినా 38, 29 వచ్చాయంటే 67 ÷ 70 = 0.96, వాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టే. మధ్యలో వస్తే, ఉదాహరణకి 0.75, అడ్డం కిందే రాసుకోండి. ప్లాన్ కొంచెం పిరికిగా ఉన్నా పర్లేదు, అబద్ధం మాత్రం చెప్పకూడదు.

లింకులు 10 అయితే జతలు 45, 20 అయితే 190, అన్నీ చేయాలంటే రోజంతా పడుతుంది. షార్ట్‌కట్: ఒకే రేడియోని పంచుకునే లింకులు ఎలాగూ అడ్డమే, టెస్ట్ అక్కర్లేదు. ఒక లింక్ కొసకి ఇంకో లింక్ కొస కనపడుతుంటే దాన్ని కూడా అడ్డమే అనుకోండి. మిగిలిన దూరపు జతల్ని మాత్రమే టెస్ట్ చేయండి. ఎందుకు చేయాలంటే, డేటా చేరనంత దూరం నుంచి కూడా గోల చేరుతుంది, మ్యాప్‌లో గీత లేనంత మాత్రాన అడ్డం లేనట్టు కాదు.

తర్వాత, అందులో ప్రతి లింకూ మిగతా ప్రతి లింక్‌కీ అడ్డమయ్యేలా ఉన్న గుంపులు రాసుకోండి. నెట్‌వర్క్‌ఎక్స్ లైబ్రరీ ఈ గుంపుల్ని ఆటోమేటిక్‌గా వెతికిపెడుతుంది. మన ఉదాహరణలో అందరూ అందరికీ వినపడతారు, కాబట్టి గుంపు ఒక్కటే.

4. సాల్వర్ జోలికి వెళ్లేముందు చేత్తో ఒకసారి

ఒక మెగాబిట్ పంపడానికి ఎంత ఎయిర్‌టైమ్ పడుతుందో చూడండి, 1 ÷ స్పీడ్, అంతే. హాప్స్ అన్నీ ఒకే గుంపులో ఉంటే దారి ఖర్చు వాటి మొత్తం. గ నోడ్‌కి మూడు దారులున్నాయి:

- డైరెక్ట్: 1/8 = 0.125, అంటే గరిష్ఠంగా 8 ఎంబీపీఎస్
- క మీదుగా: 1/60 + 1/30 = 0.05, అంటే 20
- ఖ మీదుగా: 1/40 + 1/60 = 0.0417, అంటే 24

హాప్ కౌంట్ చూసే ప్రోటోకాల్ కళ్లు మూసుకుని డైరెక్ట్ లింక్ ఎంచుకుంటుంది. ఒక హాప్ ఎక్కువైనా ఖ మీదుగా వెళ్తే మూడింతలు వస్తుంది.

అసలు దెబ్బ దీని తర్వాత ఉంది, నన్ను ఈ లెక్కల్లోకి లాగింది కూడా అదే. ముగ్గురికీ సమానంగా టీ (T) ఎంబీపీఎస్ ఇవ్వాలనుకోండి. గ డైరెక్ట్‌గా వెళ్తే మొత్తం ఎయిర్‌టైమ్ టీ × (1/60 + 1/40 + 1/8), ఇది 1 దాటకూడదు, కాబట్టి టీ = 6. గ ఖ మీదుగా వెళ్తే టీ × (1/60 + 1/40 + 1/24) = 1, టీ = 12. చూశారా, క, ఖ ల లింకులు అస్సలు మారలేదు, వాళ్ల రూట్ మారలేదు, అయినా వాళ్ల స్పీడ్ కూడా రెట్టింపైంది. దూరంగా ఉన్న ఒక్క నోడ్ చెడ్డ దారిలో వెళ్తుంటే అందరి గాలీ అదే తినేస్తది. "నా నోడ్ గేట్‌వే పక్కనే ఉంది, నాకెందుకు స్లో" అని అడిగేవాళ్లకి జవాబు చాలాసార్లు ఇదే.

5. ప్రాబ్లమ్‌ని సాల్వర్‌కి అర్థమయ్యేలా రాయండి

నాలుగు నోడ్స్‌కి చేత్తో అయిపోతుంది, పదిహేను దాటితే కుదరదు. అప్పుడు లీనియర్ ప్రోగ్రామ్ రాయాలి. పేరు చూసి భయపడకండి, నాలుగు ముక్కలే:

- వేరియబుల్స్: ప్రతి లింక్‌కీ ప్రతి దిశలోనూ ఎంత ట్రాఫిక్ పోతుందో ఒక్కో వేరియబుల్, ఏదీ సున్నా కంటే తగ్గకూడదు. వీటితోపాటు టీ అని ఒకటి. ఒకే గేట్‌వే ఉంటే డౌన్‌లోడ్‌కి ఒక సెట్, అప్‌లోడ్‌కి ఒక సెట్ చాలు, ప్రతి గమ్యానికీ విడిగా పెట్టక్కర్లేదు. గేట్‌వేలు రెండుండి, ఎవరు దేనికి కనెక్ట్ కావాలో ముందే ఫిక్స్ అయితే విడదీయాల్సిందే.
- వచ్చింది, పోయింది: ప్రతి నోడ్ దగ్గర లోపలికి వచ్చింది మైనస్ బయటికి పోయింది = టీ × ఆ నోడ్ డిమాండ్. అందరూ సమానమైతే డిమాండ్ 1, ఎక్కువ మంది వాడే నోడ్‌కి 2, 3 అలా ఇవ్వండి. అప్‌లోడ్‌కి ఇదే తిరగేసి రాయండి.
- ఎయిర్‌టైమ్: ప్రతి గుంపులోనూ, ట్రాఫిక్ ÷ స్పీడ్ అన్నీ కూడితే 1 దాటకూడదు. అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండూ ఇదే మొత్తంలోకి రావాలి.
- లక్ష్యం: టీని వీలైనంత పెంచు.

మూడో ముక్క మర్చిపోతే ఏమవుతుందో లెక్క చూపిస్తా. టెక్స్ట్‌బుక్ మ్యాక్స్ ఫ్లో (గరిష్ఠ ప్రవాహం లెక్క) కోడ్ కాపీ చేసి ప్రతి లింక్‌కీ దాని కెపాసిటీ విడిగా పెడితే గ కి 30 + 40 + 8 = 78 ఎంబీపీఎస్ వస్తుందని సాల్వర్ నిక్షేపంగా చెబుతుంది. నిజంగా వచ్చేది 24. "సాల్వర్ 78 అంది, నాకు 20 వస్తోంది, హార్డ్‌వేర్ పోయిందా" అని అడిగేవాళ్లందరి కోడ్‌లోనూ ఈ లైనే మిస్సవుతుంది.

రెండో పెద్ద తప్పు లక్ష్యం దగ్గర. "మొత్తం త్రూపుట్ పెంచు" అని పెట్టకండి. మన ఉదాహరణలో అలా పెడితే సాల్వర్ క కి 60 ఇచ్చి ఖ, గ లకి సున్నా ఇస్తుంది, మొత్తం 60 కదా అని. మనం అడిగిన సమానమైన పద్ధతిలో మొత్తం 36 మాత్రమే, కానీ అందరికీ నెట్ ఉంటది. అందుకే టీ.

ఎయిర్‌టైమ్ దగ్గర కుడివైపు 1 పెట్టింది లెక్క అర్థం కావడానికి. నిజం ప్లాన్‌కి 0.6 లేదా 0.7 పెట్టండి. వైఫైలో ఎవరి టర్న్ ఎప్పుడో చెప్పేవాళ్లెవరూ ఉండరు, ఢీకొట్టుకోవడం, ఆగడం, మళ్లీ పంపడం వీటిలో బోలెడు టైమ్ పోతుంది. నోడ్స్ గొలుసులా ఉంటే ఐడియల్‌గా ఒక లింక్ కెపాసిటీలో 1/4 రావాల్సింది, 802.11 (వైఫై ప్రమాణం) సిమ్యులేషన్‌లో సుమారు 1/7 మాత్రమే వచ్చిందని 2001లోనే ఎంఐటీ రీసెర్చర్లు చూపించారు. 0.7 పెడితే మన టీ 12 నుంచి 8.4 అవుతుంది, నిరాశగా ఉన్నా యూజర్లకి మాటివ్వాల్సింది ఆ నంబరే.

6. జవాబు నమ్మే ముందు సరిచూడండి

సాల్వర్ ఆప్టిమల్ అనగానే సంబరపడొద్దు. ముందు స్టేటస్ ప్రింట్ చేయండి, ఇన్ఫీజిబుల్ (జవాబే లేదు) అని వచ్చినా ఏవో నంబర్లు మిగిలే ఉంటాయి, వాటినే జవాబు అనుకుని కాన్ఫిగ్ చేసేస్తారు. తర్వాత:

- ఏదో ఒక నోడ్ తీసుకుని వచ్చిందీ పోయిందీ చేత్తో కూడండి.
- ట్రాఫిక్ క నుంచి ఖ కి, ఖ నుంచి మళ్లీ క కి గుండ్రంగా తిరుగుతోందేమో చూడండి. గాలి మిగిలిన చోట సాల్వర్‌కి ఇలా తిప్పడం తప్పు కాదు, టీ తగ్గదు కదా. దీనికి మందు రెండో రౌండ్: దొరికిన టీని ఫిక్స్ చేసేసి, మొత్తం ఎయిర్‌టైమ్ తగ్గించు అని మళ్లీ సాల్వ్ చేయండి, లూపులు పోతాయి.
- ఒకే నోడ్‌కి ట్రాఫిక్ రెండు దారుల్లో చీలిందా? లెక్కలో అది మంచిదే, ఆచరణలో ప్యాకెట్ ప్యాకెట్‌కీ దారి మారిస్తే వరుస తప్పి టీసీపీ కుంటుతుంది. కనెక్షన్ వారీగా చీల్చండి, లేదా పెద్ద వాటా ఉన్న దారినే ఉంచేసి టీ ఎంత తగ్గిందో చూడండి. చాలాసార్లు తగ్గేది కొంచెమే. ఒకే దారి కచ్చితంగా కావాలంటే 0/1 వేరియబుల్స్ పెట్టొచ్చు, కానీ నెట్‌వర్క్ పెద్దదైతే సాల్వర్ గంటలు తీసుకోవచ్చు.

ఇంకో సంగతి. గుంపుల లెక్క ఇచ్చేది పైహద్దు మాత్రమే. అయిదు లింకులు గుండ్రంగా ఉండి ప్రతిదీ తన రెండు పక్కలవాళ్లకే అడ్డమనుకోండి. గుంపుల లెక్క ఒక్కోదానికి సగం టైమ్, మొత్తం 2.5 లింకుల పని అంటుంది, కానీ ఏ క్షణంలో చూసినా రెండుకి మించి నడవలేవు. కచ్చితమైన జవాబు కనుక్కోవడం ఎన్‌పీ-హార్డ్ (నెట్‌వర్క్ పెద్దదైతే కంప్యూటర్‌కీ తెమలనంత కష్టం) అని 2003లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ నుంచి కమల్ జైన్, జితేంద్ర పాధ్యే, వెంకట పద్మనాభన్, లిలీ కియు నిరూపించారు. మనకి 0.7 ఉంది కాబట్టి దీనికోసం నిద్ర పాడు చేసుకోవద్దు.

7. రెండో రేడియో ఉంటే రూట్, ఛానల్ కలిపి చూడండి

ముందు రూట్ తేల్చుకుని ఆ తర్వాత ఛానల్ మార్చేవాళ్లు మంచి జవాబు చేజార్చుకుంటారు. మన ఉదాహరణలో ఖ–గ లింక్‌ని వేరే ఛానల్‌కి మారిస్తే మొదటి ఛానల్ మీద ఖర్చు 1/60 + 1/40 + 1/40, టీ 12 నుంచి 15 అవుతుంది. బాగుంది. కానీ అదే రెండో రేడియోని క–గ మీద పెట్టి, గ ని క మీదుగా పంపితే? 1/60 + 1/60 + 1/40, టీ = 17.1. ఒకే ఛానల్ ఉన్నప్పుడు ఓడిపోయిన దారి ఇప్పుడు గెలిచింది, ఎందుకంటే దాని స్లో హాప్ పక్క ఛానల్‌కి వెళ్లిపోయింది. కాబట్టి ఛానల్ మార్చిన ప్రతిసారీ గుంపులు కొత్తగా రాసి సాల్వర్‌ని మళ్లీ నడపండి. ఏ గుంపు మీద రేడియో ఖర్చు పెట్టాలో తెలియకపోతే సాల్వర్‌నే అడగండి, పల్ప్‌లో ప్రతి నిబంధనకీ పై (pi) అనే విలువ వస్తుంది, అది ఏ గుంపుకి ఎక్కువుంటే గాలి అక్కడ బిగుసుకున్నట్టు.

8. రూటర్లలోకి ఎక్కించండి

పాత కాన్ఫిగ్ బ్యాకప్ తీశాకే. గేట్‌వేకి దూరంగా ఉన్న నోడ్ నుంచి మొదలుపెట్టండి, దగ్గరిది ముందు మార్చి ఏదైనా తేడా కొడితే దూరపు నోడ్స్‌లోకి లాగిన్ అయ్యే దారే పోతుంది. ఇక మీ మెష్ వాడే రూటింగ్ ప్రోటోకాల్‌ని బట్టి:

- ఓఎల్ఎస్ఆర్: లింక్ క్వాలిటీ మల్టిప్లయర్ నైబర్ వారీగా ఇవ్వొచ్చు. వద్దనుకున్న లింక్‌కి 0.5 లాంటిది పెట్టండి. నాకు తెలిసి ఇదే తేలిక.
- బేబెల్: ఆర్‌ఎక్స్‌కాస్ట్ (లింక్ ఖర్చు సెట్టింగ్) ఇంటర్‌ఫేస్ మొత్తానికి వర్తిస్తుంది, ఒక్క నైబర్‌కి కాదు. ఇది చూసుకోక మంచి లింకుల్ని కూడా ఖరీదు చేసేస్తారు. నైబర్ వారీగా కావాలంటే ఫిల్టర్ రూల్స్ వాడండి.
- బ్యాట్‌మ్యాన్: వెర్షన్ 4 ప్యాకెట్ లాస్ చూస్తుంది, వెర్షన్ 5 త్రూపుట్ చూస్తుంది, మన లెక్కకి 5 దగ్గర. రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడవు, మారిస్తే అన్ని నోడ్స్‌లోనూ మార్చాలి.
- 802.11ఎస్: దీని మెట్రిక్ (దారి ఖర్చు లెక్క) ముందే ఎయిర్‌టైమ్ మీద ఉంటది. చెడ్డ డైరెక్ట్ లింక్‌ని వాడకుండా ఆపడానికి మెష్ ఆర్‌ఎస్‌ఎస్‌ఐ థ్రెషోల్డ్ (సిగ్నల్ కనీస హద్దు) పెట్టండి, లేదా ఆ స్టేషన్‌ని బ్లాక్ చేయండి.

స్టాటిక్ రూట్స్ కూడా పెట్టొచ్చు, కానీ మధ్య నోడ్ కరెంట్ పోతే వెనకాల నోడ్స్ అన్నీ చీకట్లోకి పోతాయి. నేనైతే మెట్రిక్ వైపే మొగ్గుతా, ప్లాన్ చేసిన దారి ఉన్నంతసేపు అదే నడుస్తది, పోతే ప్రోటోకాల్ ఇంకోటి వెతుక్కుంటుంది.

9. నిజంగా పనిచేస్తోందా?

ముందు ప్యాకెట్లు అనుకున్న దారిలోనే పోతున్నాయా చూడండి. బ్యాట్‌మ్యాన్, 802.11ఎస్ లేయర్ 2 మీద (ఐపీ అడ్రస్‌ల కింది పొర) నడుస్తాయి, వీటిలో మామూలు ట్రేస్‌రూట్ ఎప్పుడూ ఒకే హాప్ చూపిస్తుంది. "డైరెక్ట్‌గానే పోతోంది, నా మార్పు పనిచేయలేదు" అని మొత్తం తీసేసినవాళ్లు ఉన్నారు. బ్యాట్‌సీటీఎల్ లోపలి ట్రేస్‌రూట్ వాడండి, 802.11ఎస్ అయితే ఎంపాత్ డంప్‌లో నెక్స్ట్ హాప్ చూడండి.

తర్వాత అన్ని నోడ్స్ నుంచి ఐపెర్ఫ్ ఒకేసారి, కనీసం 60 సెకన్లు. ఒక్కొక్క నోడ్‌నే విడిగా టెస్ట్ చేస్తే అంతా అద్భుతంగా కనపడుతుంది, అసలు పరీక్ష కలిపి నడిపినప్పుడే. ఐపెర్ఫ్3 సర్వర్ ఒకసారి ఒకరికే పలుకుతుంది, కాబట్టి గేట్‌వే వెనక ల్యాప్‌టాప్‌లో నోడ్‌కొక పోర్ట్ మీద సర్వర్లు పెట్టండి. అది నడుస్తుండగానే పింగ్ కూడా చూడండి, స్పీడ్ వచ్చి పింగ్ వందల మిల్లీసెకన్లకి పోతే వీడియో కాల్ చేసేవాళ్లకి మీరు చేసిందేమీ ఉపయోగపడదు.

వచ్చిన నంబర్లని ప్లాన్‌తో పోల్చండి. మన ఉదాహరణలో ఒకే ఛానల్‌తో ముగ్గురికీ 8 నుంచి 10 మధ్య వస్తే లెక్క కుదిరినట్టే. అందరికీ ఒకే నిష్పత్తిలో తగ్గితే 0.7 ని 0.6 చేయండి. ఒక్క నోడ్ మాత్రమే బాగా తగ్గితే అక్కడ మీరు పట్టుకోని అడ్డం ఏదో ఉంది, 3వ స్టెప్‌కి వెళ్లి ఆ నోడ్ లింకుల్ని దూరపు వాటితో జతచేసి టెస్ట్ చేయండి. కాసేపు బాగుండి కాసేపు పడిపోతుంటే రూట్ అటూ ఇటూ ఊగుతోంది, రెండు దారుల ఖర్చు దాదాపు సమానంగా ఉన్నప్పుడు ఇలా జరుగుతుంది, ఒకదానికి మెట్రిక్ ఇంకో 15–20 శాతం పెంచి తేడా స్పష్టం చేయండి.

రద్దీ టైమ్‌లో ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి ఇదే టెస్ట్ నడపండి. 2వ స్టెప్ కొలతల్లో ఏ లింక్ అయినా పావు వంతుకి మించి మారితే ఆ కొత్త నంబర్ ఎక్కించి సాల్వర్‌ని మళ్లీ నడపండి, షీట్, కోడ్ రెడీగా ఉన్నాయి కాబట్టి ఈసారి పది నిమిషాల పని.